అక్షరము రాని అవ్వకు మతి పరీక్ష

ఖమ్మము, భద్రాచలము అడవులు కలియు చోట, గోదావరికి ఇవతలి వైపున పినపాక యున్నది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఒక మండల కేంద్రము. ఆ వైపు పల్లెలలో నొక అవ్వను పాఠకులు ఊహించుకొనవలెను. ఆమెకు 70 ఏండ్లుండవచ్చును. సరిగా ఎన్నియో ఆమెకును తెలియదు. బడిమెట్లు ఎక్కి యెరుగదు. ఇంటిలో కోయభాష మాట్లాడును, సంతలో తెలుగు మాట్లాడును. కుమారుడు ఆమెను పట్టణమునకు గొనిపోయి ఒక వైద్యుని యెదుట కూర్చుండబెట్టినాడనుకొందము. వైద్యుడు అచ్చుకాగిత మొకటి తీసి, "అవ్వా, ఇయ్యాల తేదీ ఎంత?" అని యడిగెను. "తేదీలు మాకేం ఎరుక బిడ్డా" అని ఆమె బదులు చెప్పెను. నూటిలోనుండి ఏడు తీసివేయుమనిన నవ్వి యూరకుండెను. కాగితము మీది వాక్యమును చదివి అందున్నట్లు చేయుమనగా దానిని తలక్రిందులుగా పట్టుకొని చూచెను. పరీక్ష ముగియుసరికి 30 మార్కులకు 16 వచ్చినవి. మతి తప్పినదని కాగితము చెప్పుచున్నది.

కాని ఈ అవ్వకు ఇప్ప పూవు ఎప్పుడు రాలునో తెలియును. తునికాకు కోతకు ఎవరెవరు వచ్చిరో, ఎవరికి ఎన్ని కట్టలకు డబ్బు రావలెనో తెలియును. మూడు తరముల బంధుత్వములను తడుముకొనక చెప్పగలదు. ఆమె పొరుగింట నొక తాత యున్నాడు. ఒకప్పుడు ఊరి తగవులు తీర్చినవాడు. ఇప్పుడు అన్నము తిని చేయి కడుగుకొనిన పావుగంటకే "బువ్వ పెట్టరేందే?" అని కోడలిని కసరుచున్నాడు, తన చేనినుండి తన యింటికి దారి తప్పుచున్నాడు. ఆయనను వైద్యునికడకు ఎవరును తీసికొనిపోలేదు. "ముసలోడయిండు, చాదస్తం" అని యింటివారును ఊరివారును సరిపెట్టుకొనిరి. లేని వ్యాధిని ఒకచోట చూచుట, ఉన్న వ్యాధిని ఇంకొకచోట చూడకపోవుట – ఈ రెండు పొరపాట్లలోనికి వైద్యశాస్త్ర మెట్లు నడచినదో, అందులోనుండి కొంతవరకైనను ఎట్లు బయటపడినదో చెప్పుటయే ఈ వ్యాసము.

మతిమరుపు అను మాటను మనము చాల విరివిగా వాడుదుము. నిన్న పెండ్లిలో చూచిన వారి పేరు గుర్తు రాకపోవుటయు మతిమరుపే, కన్నకూతురిని "నీవెవరవు?" అని యడుగుటయు మతిమరుపే. వైద్యులు డిమెన్షియా అనునది ఈ రెండవ తెగకు చెందినది. జ్ఞాపకశక్తి, మాట, లెక్క, దిక్కుల యెరుక, మంచిచెడ్డల వివేచన – వీనిలో కొన్ని క్రమముగా క్షీణించి, మనిషి తన దినచర్యకు ఇతరులపై ఆధారపడు స్థితి వచ్చినప్పుడే ఆ పేరు చెల్లును. క్షీణత పరీక్షలలో కనబడుచున్నను మనిషి తన పనులు తాను చేసికొనుచున్నచో దానిని తేలికపాటి గ్రహణశక్తి లోపమందురు. అట్టివారిలో కొందరు మాత్రమే తరువాత డిమెన్షియాలోనికి జారుదురు. కొందరు అట్లే యుందురు, కొందరు బాగుపడుటయు గలదు.

ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరాల్ 1838లో ప్రకటించిన గ్రంథములో ఒక చక్కని పోలిక చెప్పెను. పుట్టుకతో బుద్ధిమాంద్యము గలవాడు ఎన్నడును కలిమి నెరుగని పేదవానివంటి వాడు. డిమెన్షియా రోగి కలిమిని పోగొట్టుకొనిన ధనవంతునివంటి వాడు. రోగనిర్ణయమునకు మూలసూత్రమంతయు ఈ పోలికలో నున్నదని నా యభిప్రాయము. పోయిన దెంతయో తెలియవలెనన్న ముందున్న దెంతయో తెలియవలెను. అనగా రోగిని పోల్చి చూడవలసినది నిన్నటి తనతోనే గాని పొరుగువానితో గాదు. మన అవ్వకు అక్షరములనెడి ఆస్తి ఎన్నడును లేదు. లేని ఆస్తి పోయినదని లెక్క తేల్చుట ఎట్లు? ఈ సూత్రమును వైద్యులు మాటలో నొప్పుకొనుచునే చేతలో చాలకాలము మరచిరి.

1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మానసిక వైద్యశాలలో ఆగుస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని చేర్చిరి. ఆమె భర్త రైల్వే కచేరీలో గుమాస్తా. మొదట ఆమెకు భర్తపై నిష్కారణముగా అనుమానము పుట్టెను. తరువాత వంటలో పొరపాట్లు, వస్తువులను దాచి మరచుట, ఇంటిలోనే తిరుగులాడుచు భయపడుట మొదలాయెను. మరునాడు ఆలోయిస్ ఆల్జైమర్ అను 37 ఏండ్ల వైద్యుడు ఆమెయెదుట కూర్చుండి ప్రశ్నించి, జవాబులను ఉన్నవున్నట్లు వ్రాసికొనెను. ఆమె మాంసమును గోబిపువ్వును తినుచుండగా ఏమి తినుచున్నావని యడిగెను. ఆమె పాలకూర యని చెప్పెను. పేరు వ్రాయుమనగా 'శ్రీమతి' అను మాట వ్రాసి తక్కినది మరచిపోయెను. తన్ను తానే పోగొట్టుకొంటినని పలుమారు వాపోయెను. ఈ కాగితములు చాలకాలము కనబడకుండపోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్టులోనే దొరకినవి. ఇప్పుడు వానిని చదివినవారికి తోచునదేమనగా, ఆల్జైమరు వాడిన పద్ధతి నేటి వైద్యుని పద్ధతికి చాల దగ్గర: వస్తువును చూపి పేరడుగుట, దాచిపెట్టి మరల నడుగుట, పేరు వ్రాయించుట, చిన్న లెక్క చేయించుట. ఆమె ముందు ఎట్లుండెడిదో చెప్పుటకు భర్త యుండెను. ఆమె వ్రాయనేర్చినదే గనుక వ్రాయలేకపోవుట నిజముగా నష్టమే.

1906 ఏప్రిలులో ఆమె మరణించెను. ఆల్జైమరు అప్పటికి మ్యూనిక్‌లో నుండెను. మెదడును అచ్చటికి తెప్పించి, బీల్షోవ్‌స్కీ కొలదికాలము క్రిందట కనిపెట్టిన వెండిరంగు పద్ధతితో పలుచని ముక్కలకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచెను. మెదడు పైపొర సన్నగిల్లినది. నాడీకణముల లోపల ముడిపడిన పోగులు, కణముల నడుమ గట్టిపడిన మచ్చలు కనబడినవి. 1906 నవంబరు 3న ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో దీనిని వివరింపగా సభ్యులలో ఒక్కరును ప్రశ్న వేయలేదు. 1910లో ఆయన పెద్ద క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథపు ఎనిమిదవ కూర్పులో ఈ వ్యాధికి ఆల్జైమరు పేరు పెట్టెను.

ఈ నామకరణము వలన మేలుతోపాటు ఒక కీడును జరిగెను. డేటరుకు వయస్సు చిన్నది. కాబట్టి ఆల్జైమరు వ్యాధి నడివయస్సున వచ్చు అరుదైన జబ్బని పుస్తకములలో స్థిరపడెను. 70 ఏండ్ల వానికి అవే లక్షణములు కలిగిన అది వ్యాధి గాదు, వార్ధక్యము. రక్తనాళములు గట్టిపడుట చేత మెదడుకు రక్తము చాలక కలుగు సహజ పరిణామము అనిరి. 1907లోనే ప్రాగ్ నగరమున ఆస్కార్ ఫిషర్ అను వైద్యుడు వృద్ధుల మెదడులలో అవే మచ్చలను వర్ణించియుండెను; ఆ మాట మరుగున పడెను. అరువది యేండ్లు గడచిన పిమ్మట, 1968లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున బ్లెస్సెడ్, టామ్లిన్సన్, రాత్ అనువారు వృద్ధులను బ్రతికియుండగా పరీక్షించి, మరణానంతరము మెదడులలో మచ్చలను లెక్కించి, మచ్చలు పెరిగినకొలది మతి తగ్గియుండుటను చూపిరి. 1976లో అమెరికాలో రాబర్ట్ కాట్జ్‌మన్ చిన్న సంపాదకీయము వ్రాసి, నడివయస్సు వ్యాధియు ముసలితనపు వ్యాధియు ఒక్కటియే యనెను. వృద్ధాప్యపు చాదస్తమని మన ఊరివారు తాతను వదలివేసినందుకు వారిని తప్పుపట్టుటకు ముందు, పెద్దపెద్ద వైద్యులును 1970 దశాబ్దము దాక చేసినది ఇంచుమించు అదే యని గుర్తుంచుకొనవలెను.

వృద్ధాప్యమని వదలివేయుటలో గల అసలు ప్రమాద మేమనగా, డిమెన్షియా వలె కనబడు వ్యాధులలో కొన్ని కుదురునవి. ఇందుకు పాత దృష్టాంత మొకటి గలదు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా పిచ్చాసుపత్రులలో చాలమంది 'ఉన్మాద పక్షవాతము' అను జబ్బుతో మతి చెడి మరణించుచుండిరి. అది సిఫిలిస్ క్రిమి మెదడులో చేరుట వలన కలుగునని 1913లో నొగూచి, మూర్ అనువారు ఆ క్రిమిని మెదడులో చూచి రుజువు చేసిరి. 1917లో వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ ఈ రోగులకు మలేరియా రక్తమెక్కించి, తీవ్రమైన జ్వరము తెప్పించి, తరువాత క్వినైను ఇచ్చి జ్వరమును ఆపెను. కొందరు బాగుపడిరి, కొందరు మలేరియాతోనే మరణించిరి. 1927లో ఆయనకు నోబెల్ బహుమాన మొసగిరి. సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన ఇరువది యేండ్లకు ఆ మలేరియానే మందుగా వాడుట చరిత్రలోని వింత. మన్యపు జ్వరమనిన వణకిన మన తాతలు ఈ సంగతి విన్నచో నమ్మియుండరు. 1940 దశాబ్దమున పెన్సిలిన్ వచ్చి ఈ జ్వరచికిత్సకు స్వస్తి చెప్పెను. మతి చెడుటకు ఒక కారణము దొరికి, దానికి మందు దొరకుట అదియే మొదటిసారి కావచ్చును.

రెండవ దృష్టాంతము తెలుగువానితో ముడిపడియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతియై యుండగా, ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఒక విధమైన తీవ్ర పాండురోగమున ఈ మందు రక్తమును పుంజుకొనజేసెను. కాని కొలది కాలమునకే వైద్యులు ఒక విపరీతమును గమనించిరి: కొందరిలో రక్తము బాగుపడుచుండగా తిమ్మిరులు, తూలుడు, మతి చెడుట మాత్రము ముదురుచున్నవి. లోపించిన పదార్థము వేరొకటి. దానిని 1948లో అమెరికాలోను ఇంగ్లండులోను వేరువేరుగా వేరుచేసిరి. అదే విటమిన్ బి12. ఆ యేడే సుబ్బారావు మరణించెను. ఈ విటమిను పాలు, గ్రుడ్లు, మాంసము, చేపలలో నుండును గాని ఆకుకూరలలోను ధాన్యములలోను ఉండదు. వయస్సు మీరినకొలది ప్రేగులు దానిని పీల్చుకొను శక్తి కొందరిలో తగ్గును. చక్కెర వ్యాధికి ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడువారిలోను అది తగ్గవచ్చును. అందుచేతనే మతి తప్పినదని వచ్చిన ప్రతి వృద్ధునికిని రక్తములో బి12 చూడవలెనను నియమ మేర్పడెను. ముందుగా పట్టుకొనిన సూదిమందుతో తేరుకొనుదురు. ఆలస్యమైనకొలది తేరుకొనుట తగ్గును.

థైరాయిడ్ గ్రంథి మందగించుట, తలకు దెబ్బ తగిలిన కొన్ని వారములకు పుఱ్ఱె లోపల రక్తము పేరుకొనుట, తీరని దిగులు, మితిమీరిన నిద్రమందులు, తాగుడు కూడ ఇట్టివే. 1965లో కొలంబియా దేశపు హకీమ్, అమెరికాలోని ఆడమ్స్ కలిసి మెదడు గదులలో నీరు నిలిచి నడక, మూత్రముపై పట్టు, మతి మూడును చెడు రోగమును వర్ణించిరి. నీటిని గొట్టముతో కడుపులోనికి మళ్ళించిన కొందరు లేచి నడచిరి. దిగులు మాట ప్రత్యేకముగా చెప్పదగినది. భార్య పోయిన పిదప మాటలాడక మూలన కూర్చున్న ముసలివాడు ప్రశ్నకు "తెలియదు" అను ఒక్క జవాబే యిచ్చుచుండిన, అది మతి పోవుట కాకపోవచ్చును.

ఇన్నింటిని విడదీయుటకు వైద్యునికి త్వరగా ముగియు పరీక్ష యొకటి కావలసివచ్చెను. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్‌హ్యూ అను వైద్యుడును ఒకే కాగితమున ఇముడు 30 మార్కుల పరీక్షను ప్రకటించిరి. వారము, తేదీ, నెల, ఊరు చెప్పుట. మూడు మాటలు విని కొంతసేపటికి మరల చెప్పుట. నూటినుండి ఏడేడు చొప్పున తీసివేయుట. వాచీని పెన్సిలును చూపగా పేర్లు చెప్పుట. ఒక వాక్యము చదివి అందున్నట్లు కన్నులు మూయుట. సొంతముగా ఒక వాక్యము వ్రాయుట. ఒకదానిపై ఒకటి పడిన రెండు పంచభుజులను చూచి గీయుట. పదినిమిషములలో ముగియును, పరికరములక్కరలేదు. అది ప్రపంచమంతట వ్యాపించెను. 24కు తగ్గిన అనుమానింపవలెనను వాడుక ఏర్పడెను.

ఉపాధ్యాయులు ఈ ప్రశ్నలను మరల నొకమారు చూడవలెను. చదువుట, వ్రాయుట, గీయుట, తీసివేత: ఇవి మన బడిలో మూడవ తరగతి పాఠములు గావా? 1993లో అమెరికాలో 18,056 మంది పెద్దల మార్కులను చదువు ననుసరించి విడదీసి చూచిరి. తొమ్మిదేండ్లును అంతకు మించియు చదివినవారి మధ్యస్థపు మార్కు 29. అయిదునుండి ఎనిమిదేండ్లు చదివినవారిది 26. నాలుగేండ్లును అంతకు లోపును చదివినవారిది 22. అనగా బడికి సరిగా పోని జనములో సగముమందికి పైగా ఆ 24 గీత క్రిందనే పడుదురు! వారందరును రోగులు గారు. ఆ పరీక్ష మతిని కొలుచుచు బడిని కూడ కొలుచుచున్నది. లెక్కల ఉపాధ్యాయుడు మూలలు లేని గదిని మూలమట్టముతో కొలిచినట్లున్నది ఇది.

అక్షరము రానివారే అధికముగా నున్న పల్లెలో మతిని కొలుచుట ఎట్లను ప్రశ్నకు గట్టి జవాబు వెదకినది మన దేశములోనే. హర్యానాలో ఢిల్లీకి చేరువనున్న బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో 1990 దశాబ్దమున భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి డిమెన్షియా లెక్క తీసిరి. అచ్చటి వృద్ధులలో ఎక్కువమందికి చదువు రాదు. గంగూలీ మొదలగువారు 1995లో ప్రకటించిన హిందీ మతి పరీక్షలో పాత పరీక్షను అనువదింపలేదు. అందలి ప్రతి ప్రశ్నయు మెదడులోని ఏ శక్తిని తాకుటకు ఉద్దేశింపబడెనో చూచి, ఆ శక్తినే తాకు వేరు ప్రశ్న నుంచిరి. గడియారపు వేళ యడుగక, ఇది ప్రొద్దుటి వేళయా, మధ్యాహ్నమా, సాయంకాలమా యని యడిగిరి. నూటినుండి ఏడుకు బదులు ఇరువదినుండి మూడు చొప్పున తీసివేయుమనిరి. కాగితము చదివి కన్నులు మూయుటకు బదులు, "నా ముఖము చూచి నేను చేసినట్లు చేయుడు" అని పరీక్షకుడు కన్నులు మూసి చూపెను. వాక్యము వ్రాయుటకు బదులు, "మీ యింటిని గురించి ఏదైనను చెప్పుడు" అనెను. అనువాదమునకును ఈ పనికిని ఎంత దూరమో భాషోపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. పైగా ఈ ప్రశ్నలను మొదట ఆరోగ్యవంతులైన వందలాది పల్లెటూరి వృద్ధులకు వేసి, వారికెన్ని మార్కులు వచ్చునో తెలిసికొనిన పిమ్మటనే రోగుల మార్కులను చూచిరి.

అదే పల్లెలలో ఇంకొక పట్టికను తయారుచేసిరి. అది రోగిని అడుగునది కాదు, ఇంటివారిని అడుగునది. అన్నము తిని మరల నడుగుచున్నారా? ఊరిలో దారి తప్పుచున్నారా? బట్టలు శుభ్రముగా, సరిగా కట్టుకొనుచున్నారా? మొదలుపెట్టిన పనిని మధ్యలో మరచుచున్నారా? పండుగలు గుర్తున్నవా? ఇంటి ముఖ్య విషయములలో ఆలోచన చెప్పుచున్నారా? ఇట్టివి పదికి మించిన ప్రశ్నలు. ఎస్కిరాల్ చెప్పిన పోయిన కలిమిని కొలుచుటకు ఇంతకంటె సూటియైన దారి లేదని నా నమ్మకము. ఏలయనగా ముందున్న కలిమి యెంతయో ఎరిగినది ఇంటివారే. మన తాతకు ఈ పట్టిక వేసియున్నచో కోడలు మొదటి రెండు ప్రశ్నలకే కన్నీరు పెట్టుకొనెడిది.

ఇక తెలుగునాటికి వత్తము. హైదరాబాదులో పంజగుట్టనున్న నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి, తోటివారు జ్ఞాపకశక్తి చికిత్సాకేంద్రమును నడపిరి. కేంబ్రిడ్జిలో 2000 సంవత్సరమున వెలువడిన ఆడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగువారికి తగినట్లు మార్చి వాడిరి. అచ్చటికి వచ్చు రోగులలో తెలుగు మాత్రమే వచ్చినవారు, తెలుగు ఉర్దూ రెండును వచ్చినవారు, హిందీ ఇంగ్లీషులను గూడ కలిపి మాట్లాడువారు, బడికి పోయినవారు, పోనివారు అందరు నుండిరి. ఈ కలగలుపే ఒక శాస్త్రప్రశ్నకు జవాబు చెప్పుటకు పనికివచ్చెను. 2007లో కెనడాలోని టొరంటో నగరమున 184 మంది రోగులను చూచి, రెండు భాషలు మాట్లాడినవారికి డిమెన్షియా లక్షణములు సుమారు 4 ఏండ్లు ఆలస్యముగా మొదలైనవని చెప్పియుండిరి. కాని అచ్చట రెండు భాషలవారిలో చాలమంది పరదేశములనుండి వలస వచ్చినవారు. ఆలస్యము భాష వలననా, వలస వచ్చువారి గట్టిదనము వలననా, చదువు వలననా? టొరంటోలో విడదీయుట కష్టము. హైదరాబాదులో రెండు భాషలు మాట్లాడుటకు వలస రానక్కరలేదు. వీథిలోనికి వచ్చిన చాలును.

2006 జూనునుండి 2012 అక్టోబరు వరకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను సువర్ణ అల్లాడి, ఎడింబరోకు చెందిన థామస్ బాక్ మొదలగువారు పరిశీలించి 2013లో ప్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు వచ్చినవారు. ఒకే భాష వచ్చినవారిలో వ్యాధి సగటున 61.1 ఏండ్లకు మొదలుకాగా, రెండు భాషలవారిలో 65.6 ఏండ్లకు మొదలాయెను. తేడా నాలుగున్నర యేండ్లు. మూడవ భాష వచ్చినంత మాత్రమున అదనపు లాభము కనబడలేదు. అన్నింటికంటె ముఖ్యమైన విషయ మిది: ఆ రోగులలో నూటికి 14 మంది నిరక్షరాస్యులు, వారిని మాత్రమే వేరుగా చూచినను రెండు భాషలవారికి వ్యాధి ఆరేండ్లు ఆలస్యముగా వచ్చినట్లు తేలెను. కాబట్టి ఆ తేడాను బడిచదువు ఖాతాలో వ్రాయుటకు వీలులేకపోయెను. మాట్లాడునప్పుడు ఒక భాషను అణచి ఇంకొక దానిని ఎన్నుకొను నిరంతర సాధన మెదడునకు వ్యాయామమై, దెబ్బకు తట్టుకొను శక్తి నిచ్చునని ఒక వివరణ. అయితే ఇది వ్యాధిని ఆపునది గాదు. మెదడులో మచ్చలు పడుచుండగనే లక్షణములు బయటపడుట వెనుకబడునని మాత్రమే. ఇది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క యనియు, తరువాత ఇతర దేశములలో చేసిన పరిశీలనలన్నియు ఒకే మాట చెప్పలేదనియు గూడ తెలిసికొనవలెను.

చికిత్స మాట కొంత చెప్పవలెను. 1976 ప్రాంతమున బ్రిటనులోని పరిశోధకులు ఆల్జైమరు రోగుల మెదడులో ఎసిటైల్‌కోలీన్ అను సందేశరసాయనము తయారగుట బాగుగా తగ్గినదని చూపిరి. ఉన్న రసాయనమును త్వరగా విరిగిపోనీయక కాపాడు మందులు దానినుండి పుట్టినవి. 1993లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు టాక్రిన్ కాలేయమునకు హాని చేయుట చేత మూలపడెను. 1996లో డోనెపెజిల్, తరువాత రివాస్టిగ్మిన్, ఒక మంచుపూల మొక్కలో కనుగొనబడిన గాలంటమిన్ వచ్చినవి. వేరు దారిన పనిచేయు మెమాంటిన్ 2003లో అమెరికాలో అనుమతి పొందెను. ఇవి కొందరిలో కొంతకాలము లక్షణములను తేలికపరచునేగాని వ్యాధి మూలమును తాకవు. ఆల్జైమరు చూచిన మచ్చలలోని మాంసకృత్తును 1984లో గ్లెన్నర్, వాంగ్ వేరుచేసిరి. దానిని తొలగించు లెకానెమాబ్ 2023లోను, డొనానెమాబ్ 2024లోను అమెరికాలో అనుమతింపబడినవి. ఏడాదిన్నర ప్రయోగములో లెకానెమాబ్ క్షీణతను నూటికి 27 వంతుల మేర మందగింపజేసెను. మెదడు వాచుట, రక్తము చిమ్ముట వంటి అపాయములు గలవు గనుక మాటిమాటికి మెదడు చిత్రము తీయుచుండవలెను. 2025 మేలో ఈ వ్యాధిని అనుమానించుటకు తోడ్పడు రక్తపరీక్ష కూడ అక్కడ అనుమతి పొందెను. మచ్చలను తొలగించు ఈ రెండు మందులు తొలిదశలోనే ఇయ్యవలసినవి. 'చాదస్తం' అని మూడేండ్లు గడపినవానికి అవి అందుబాటులో నున్నను పనికిరావు.

2023లో ప్రకటించిన జాతీయ పరిశీలన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా యున్నది. పట్టణములకంటె పల్లెలలో, పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. ఆ పరిశీలనలోను బల్లభ్‌గఢ్‌లో పుట్టిన హిందీ మతి పరీక్షను వాడిరి. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘము, సరిదిద్దదగిన 14 కారణములను తొలగింపగలిగిన ప్రపంచములోని డిమెన్షియాలో నూటికి 45 వంతులను తప్పించుటయో వెనుకకు నెట్టుటయో సాధ్యము కావచ్చునని లెక్క వేసెను. వానిలో చిన్ననాట చదువు లేకపోవుట, చెవుడు, చూపు తగ్గుట, రక్తపు పోటు, చక్కెర వ్యాధి, ఒంటరితనము గలవు. చెవుడు గల ముసలివానికి మతిపరీక్ష చేయుటకు ముందు చెవిలో గుబిలి చూడుమని ఒక వైద్యమిత్రుడు నాతో అనుచుండెడివాడు. ఇందులో హాస్యము కొంతయే.

మరల పినపాక అవ్వకడకు పోదము. భారత వైద్య పరిశోధన మండలి పలు కేంద్రముల సహాయముతో తయారుచేసి 2020లో వివరములు ప్రకటించిన మతిపరీక్షల పెట్టె హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము అను అయిదు భాషలలో వెలువడెను. తెలుగు అందులో నుండుట మనకు గొప్ప మేలు. అవ్వ తల్లిభాష అందులో లేదు. ఆమె తెలుగు సంత తెలుగు; బేరమునకు, బస్సు టికెట్టుకు చాలును. మతి తగ్గునప్పుడు కొందరిలో తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగులును. అట్టి మనిషిని తెలుగులో మాత్రమే పరీక్షించిన రోగము ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును. హైదరాబాదు రోగుల లెక్కను తెచ్చి, రెండు భాషలున్నవి గనుక ఈ అడవిపల్లెల వారికి వ్యాధి ఆలస్యముగా వచ్చునని చెప్పుటయు తొందరపాటే. చెవి, చూపు, రక్తపు పోటు, రక్తహీనత వంటివన్నియు అందులో కలియును. ఇప్పపూల కాలమేది, సంత ఏ వారము, తునికాకు కట్టకు ఎన్ని ఆకులు అని అడుగుట చక్కగానే తోచును. కాని బల్లభ్‌గఢ్‌లో వలె ఆరోగ్యముగా నున్న వందలాది అవ్వలకు తాతలకు ముందుగా వేసి చూచినగాని అవి ప్రశ్నలే యగును, పరీక్ష కానేరవు.

అంతవరకు ఆసుపత్రిలో జరుగున దేమనగా, అవ్వతోపాటు వచ్చిన మనుమడు, చాలసార్లు మన ఉన్నత పాఠశాల విద్యార్థియే, నడుమ కూర్చుండి మాట మార్చి చెప్పును. వైద్యుడు "మీ ఇంటి గురించి ఏమన్న చెప్పమను" అనును. అవ్వ కోయలో నాలుగు మాటలు చెప్పును. అందు రెండు తడబడును, ఒకటి సగములో ఆగును. మనుమనికి అవ్వపై ప్రేమ. వాడు ఆ ఖాళీలను తానే పూరించి, చక్కని తెలుగు వాక్యమొకటి వైద్యునికి అందించును. వైద్యునికి కావలసినది ఆ తడబాటే. తడబడిన మాటను తడబడినట్లే, ఆగినచోట ఆగినదని చెప్పవలెనని వానికి ముందుగా ఎవరైనను చెప్పియుండవలెను.